పాత స్పోర్ట్స్ కారు: స్టీరింగు స్పర్శ, రబ్బరు వార్ధక్యం

పాత ఒక రోత, కొత్త ఒక వింత అని సామెత. అమెరికాలోని కార్ల విపణిలో ఈ సామెత తలక్రిందులయ్యే మూల ఒకటి ఉంది. కొత్త కారు కొనగల స్థోమత ఉండి కూడా, పాతికేళ్ళో ముప్పయ్యేళ్ళో నిండిన చిన్న స్పోర్ట్స్ కారు కోసం నెలల తరబడి వెదికేవారు అక్కడ కనిపిస్తారు. కొత్త కార్లు వీటికంటె వేగమైనవి, భద్రమైనవి, ఇంధనాన్ని పొదుపుగా వాడేవి. అయినా పాతవాటినే ఎందుకు కోరుకుంటున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పే కారణం ఒక్కటే: స్టీరింగు. పాత కారులో చక్రం పట్టుకుంటే రోడ్డు చేతికి తెలుస్తుందనీ, కొత్త కార్లలో ఆ స్పర్శ కరువైందనీ వారి అభిప్రాయం.

ఇది కేవలం గతకాలం మీది మమకారమా, లేక దీని వెనుక శాస్త్రం ఏమైనా ఉన్నదా? ఉన్నది. స్టీరింగు స్పర్శ భౌతికశాస్త్రానికి సంబంధించిన విషయం. ఆ ఔత్సాహికులే అంతే పట్టుదలతో కోరే రెండవ గుణం, అంటే మధ్యదారిలో ఆగిపోకుండా నమ్మకంగా నడవడం, చాలావరకు రసాయనశాస్త్రానికి సంబంధించినది. ఈ రెండింటికీ గల సంబంధం తెలియకుండా పాత కారు కొన్నవారికి స్పర్శా దక్కదు, నమ్మకమూ దక్కదు. ఇంట్లో పదహారేళ్ళు నిండి, అప్పుడే లైసెన్సు చేతికి వచ్చిన పిల్లలు ఉన్నచోట ఇది డబ్బుతో మాత్రమే ముగిసే ప్రశ్న కాదు.

టైరు పలికే మాట

కారు నేలను తాకేది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కొక్క టైరు రోడ్డును ఆనే భాగం ఇంచుమించు అరచేయంత ఉంటుంది. వెయ్యి కిలోగ్రాముల బరువును మలుపులో దారి మళ్ళించే బలమంతా ఈ నాలుగు చిన్న తావుల గుండానే రావాలి.

స్టీరింగు త్రిప్పినప్పుడు ముందు టైరు చూసే దిక్కూ, అది నిజంగా ప్రయాణించే దిక్కూ సరిగ్గా ఒకటి కావు. వాటి నడుమ కొద్ది డిగ్రీల తేడా ఉంటుంది. ఇంజనీర్లు దీనిని స్లిప్ యాంగిల్ అంటారు. తెలుగులో జారుకోణం అనుకోవచ్చు. పేరులో జారుడు ఉన్నా ఈ దశలో టైరు నిజంగా జారడం లేదు. రబ్బరు ప్రక్కకు సాగుతున్నది, అంతే. నేలను ఆనే భాగపు ముందు అంచులో రబ్బరు అప్పుడే రోడ్డును తాకుతుంది గనుక ఇంకా సాగి ఉండదు. వెనుక అంచుకు చేరేసరికి బాగా సాగి ఉంటుంది. అందుచేత టైరును ప్రక్కకు నెట్టే బలం ఆ భాగానికి నట్టనడుమ కాక, కొన్ని సెంటీమీటర్లు వెనుకగా పనిచేస్తుంది. బందులకు ఎడంగా చేయి వేసి నెడితే తలుపు తిరిగినట్లే, ఈ ఎడం వలన చక్రాన్ని మళ్ళీ తిన్నని దిశకు త్రిప్పజూసే మెలిబలం ఒకటి పుడుతుంది. స్టీరింగు కడ్డీల గుండా డ్రైవరు చేతులకు చేరేది ఈ మెలిబలమే.

అసలు విశేషం ఇక్కడ ఉంది. మలుపు బిగిసేకొద్దీ జారుకోణం పెరుగుతుంది. దానితోబాటు ప్రక్కబలమూ పెరుగుతుంది, మెలిబలమూ పెరుగుతుంది. కాని ఒక హద్దు దాటాక, అన్నింటికంటె ఎక్కువ సాగిన వెనుక అంచు రబ్బరు ముందుగా పట్టు వదలడం మొదలవుతుంది. అప్పుడు బలం పనిచేసే చోటు ముందుకు జరుగుతుంది, ఎడం తగ్గుతుంది, మెలిబలం పడిపోతుంది. ప్రక్కబలం మాత్రం ఇంకా కొంత పెరుగుతూనే ఉంటుంది. అంటే టైరు పూర్తిగా పట్టు తప్పకమునుపే చేతిలోని చక్రం తేలికపడుతుంది. ఇది టైరు ముందుగా ఇచ్చే హెచ్చరిక. వానపడిన రోడ్డు మీద పట్టు తక్కువ గనుక ఈ హెచ్చరిక ఇంకా ముందే వస్తుంది. మంచు మీద చక్రం ఒక్కసారిగా బరువు కోల్పోయినట్లు అనిపించడానికి కారణం ఇదే.

స్టీరింగు స్పర్శ అంటే చక్రం బరువుగా ఉండడం అని చాలామంది పొరబడతారు. ఆంధ్రదేశంలో అంబాసిడరు మీదనో, ప్రీమియర్ పద్మిని మీదనో డ్రైవింగు నేర్చుకున్న తరానికి ఆ బరువు బాగా తెలుసు. నిలిచి ఉన్న కారును ఇరుకు సందులో త్రిప్పాలంటే రెండు చేతులూ భుజాలూ కలిసి పనిచేయవలసి వచ్చేది. కాని బరువు వేరు, సమాచారం వేరు. బరువుగా ఉంటూ ఏమీ చెప్పని స్టీరింగులు ఉన్నాయి; తేలికగా ఉంటూ అంతా చెప్పేవీ ఉన్నాయి. స్పర్శ అంటే టైరు దగ్గర మెలిబలంలో కలిగే మార్పు, దారిలో మరుగున పడకుండా చేతిదాకా రావడం.

నడుమ చేరిన సహాయకులు

కార్లు బరువెక్కి, టైర్లు వెడల్పయ్యేసరికి డ్రైవరు భుజబలం చాలలేదు. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికను ఇంజనీరు 1920లలోనే చమురు ఒత్తిడితో పనిచేసే పవర్ స్టీరింగును రూపొందించాడు. అమ్మకానికి వచ్చిన కార్లలో మొదటగా 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ దానిని అందించింది. ఈ ఏర్పాటులో స్టీరింగు కడ్డీ నడుమ ఒక సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. డ్రైవరు చక్రం త్రిప్పినప్పుడు అది స్వల్పంగా మెలి తిరుగుతుంది. ఆ మెలికతో ఒక వాల్వు తెరుచుకొని, ఇంజను త్రిప్పే పంపు నుండి వచ్చే చమురు ఒత్తిడి చక్రాలను నెట్టడంలో సాయపడుతుంది. రోడ్డు నుండి తిరిగివచ్చే మెలిబలంలో కొంత ఇక్కడ తగ్గినా, చమురు రెండు వైపులా కదలగలదు గనుక స్పర్శ పూర్తిగా ఆగిపోదు.

దీని లోపం వేరు. చక్రం త్రిప్పినా త్రిప్పకపోయినా పంపు తిరుగుతూనే ఉంటుంది. ఇంధనం వృథా అవుతుంది. దీనికి పరిష్కారంగా ఎలెక్ట్రిక్ మోటారు వచ్చింది. 1988లో జపానులో సుజుకి సెర్వో అనే చిన్న కారులో మొదలైన ఈ పద్ధతి, తర్వాతి రెండు దశాబ్దాలలో లోకమంతా వ్యాపించింది. మోటారు అవసరమైనప్పుడే విద్యుత్తు వాడుకుంటుంది. కారు దానంతట అది పార్కింగు చేసుకోవాలన్నా, గీత దాటకుండా సరిదిద్దుకోవాలన్నా ఈ మోటారే ఆధారం. కాని మోటారులోని తిరిగే భాగానికి తనదైన జడత్వం ఉంది. గేర్ల గుండా చూసినప్పుడు ఆ జడత్వం గేరు నిష్పత్తికి వర్గంగా హెచ్చి కనిపిస్తుంది. టైరు నుండి వచ్చే సన్నని కదలికలు ఈ జడత్వాన్ని కదిలించలేక అక్కడే అణగిపోతాయి. మిగిలినదానిలో ఎంత చేతికి చేరాలో కంప్యూటరు ప్రోగ్రాము నిర్ణయిస్తుంది.

2011లో వెలువడిన 991 తరం పోర్షె 911 మొట్టమొదటిసారిగా ఎలెక్ట్రిక్ స్టీరింగుతో వచ్చినప్పుడు అభిమానులలో పెద్ద చర్చ చెలరేగింది. దానికి ముందటి 997 తరానికి ప్రత్యేకమైన గిరాకీ ఏర్పడటానికి ఇదొక కారణం. ఆ తరువాత ఎలెక్ట్రిక్ స్టీరింగులు బాగా మెరుగుపడ్డాయన్నది నిజం. అయితే చమురు సహాయం కూడా లేని తేలికైన కారులోని సూటిదనం వాటిలో అరుదు.

మియాటా ఉదాహరణ

స్పర్శ, నమ్మకం అనే రెండు గుణాలూ ఒకచోట చేరిన కథ మాజ్దా మియాటాది. 1962లో బ్రిటనులో కాలిన్ చాప్‌మన్ నెలకొల్పిన లోటస్ సంస్థ ఎలాన్ అనే చిన్న రోడ్‌స్టరును విడుదల చేసింది. తేలికైన ఫైబర్‌గ్లాస్ దేహం, మధ్యలో వెన్నెముక వంటి ఉక్కు చట్రం దాని ప్రత్యేకతలు. దాని స్టీరింగును నేటికీ కొలమానంగా చెప్పుకుంటారు. అయితే ఆనాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు చమురు కారడానికీ, విద్యుత్ లోపాలకూ పేరుపడినవి. ఆదివారం ఉదయం షికారుకు వెళ్ళినవారు సాయంత్రానికి ఇల్లు చేరతారన్న హామీ ఉండేది కాదు.

1970ల చివరలో బాబ్ హాల్ అనే అమెరికను పత్రికారచయిత మాజ్దా అధికారి కెనిచి యమమొతోకు ఒక సూచన చేశాడు: అటువంటి తేలికైన రోడ్‌స్టరును జపాను నాణ్యతతో తయారుచేయాలని. తరువాత తోషిహికో హిరాయ్ నాయకత్వంలో రూపుదిద్దుకున్న ఆ కారును 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో ప్రదర్శనలో ఆవిష్కరించారు. 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్, సుమారు వెయ్యి కిలోగ్రాముల బరువు. నేటి కుటుంబపు కార్లతో పోలిస్తే ఆ శక్తి స్వల్పం. "జిన్బా ఇత్తాయ్", అంటే రౌతూ గుర్రమూ ఒక్కటి కావడం అన్న జపాను భావన దాని రూపకల్పనకు మార్గదర్శకం. బరువు ముందు వెనుకలకు దాదాపు సమానంగా పంచబడినందువలనా, టైర్లు సన్ననివి అయినందువలనా మూల నమూనాకు పవర్ స్టీరింగే అవసరం లేకపోయింది. కావలసినవారు అదనపు ధర చెల్లించి తీసుకొనేవారు. 2016 ఏప్రిల్‌లో ఈ శ్రేణిలో పది లక్షలవ కారు తయారయింది.

ఇటువంటి ఎంపికలు మరికొన్ని ఉన్నాయి. 1990లో వెలువడిన హోండా ఎన్.ఎస్.ఎక్స్ కారులో దేహమంతా అల్యూమినియం. మాన్యువల్ గేర్లున్న తొలి నమూనాలలో స్టీరింగుకు సహాయం లేదు. 1996 నుండి 2021 వరకు తయారైన లోటస్ ఎలిజ్ కారుకూ సహాయం లేదు. దాని అల్యూమినియం చట్రాన్ని వెల్డింగు చేయకుండా ఎపాక్సీ జిగురుతో అతికిస్తారు. అమెరికాకు వచ్చిన ఎలిజ్‌లలో టొయోటా ఇంజను ఉంటుంది. లోటస్ స్పర్శకు టొయోటా నమ్మకం తోడైనట్లు ఔత్సాహికులు దానిని భావిస్తారు. ఈ రెండింటిలోనూ ఇంజను డ్రైవరు వెనుక ఉంటుంది గనుక ముందు చక్రాల మీద భారం తక్కువ. ఇరవయ్యైదేళ్ళు నిండిన విదేశీ కార్లకు దిగుమతి నిబంధనల నుండి అమెరికాలో మినహాయింపు ఉన్నందువలన, 1989 నాటి నిస్సాన్ స్కైలైన్ జీ.టీ.ఆర్ వంటివి 2014 నుండి ఇక్కడికి వస్తున్నాయి. కుడివైపు స్టీరింగు తెలుగువారికి కొత్త కాకపోయినా, విడిభాగాలు దొరకడం మాత్రం ముందుగా విచారించుకోవలసిన విషయం.

మైళ్ళ లెక్క, ఏళ్ళ లెక్క

పాత కారు ప్రకటనలలో అన్నిటికంటె ఊరించే మాట "తక్కువ మైళ్ళు తిరిగినది" అన్నది. ముప్పయ్యేళ్ళ కారు ముప్పయి వేల మైళ్ళే తిరిగిందంటే కొత్తదానితో సమానమని కొనేవారు అనుకుంటారు. లోహపు భాగాల విషయంలో ఇది కొంతవరకు నిజం. కాని స్టీరింగు స్పర్శను మోసుకువచ్చే దారిలో లోహం ఒక్కటే లేదు. రబ్బరు కూడా ఉంది. రబ్బరుకు వయస్సు మైళ్ళతో రాదు, ఏళ్ళతో వస్తుంది.

సహజ రబ్బరు అణువులు పొడవైన గొలుసుల వంటివి. ఒక్కొక్క గొలుసులో వేలకొలది జంటబంధాలు ఉంటాయి. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్న వల్కనీకరణ పద్ధతిలో, గంధకపు పరమాణువులు ఈ గొలుసుల నడుమ వంతెనలు కడతాయి. అప్పుడే రబ్బరుకు సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చే గుణం సిద్ధిస్తుంది. ఫ్యాక్టరీ నుండి బయటికి వచ్చాక కూడా ఈ చర్య పూర్తిగా ఆగదు. గాలిలోని ఆక్సిజను ఏళ్ళ తరబడి గొలుసులతో చర్య జరుపుతుంది. కొన్నిచోట్ల అదనపు వంతెనలు ఏర్పడి రబ్బరు గట్టిపడుతుంది. కొన్నిచోట్ల గొలుసులు తెగి బలహీనపడుతుంది. ఉష్ణోగ్రత పది సెంటీగ్రేడ్ డిగ్రీలు పెరిగితే ఇటువంటి చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని రసాయనశాస్త్రంలో ఒక స్థూల సూత్రం. ఇంజను ప్రక్కనున్న గొట్టాలు, బెల్టులు ముందుగా ముసలివి కావడం అందువలననే.

ఓజోను ఇంకా తీవ్రమైనది. నేలమీది గాలిలో అది అతి స్వల్పంగా ఉన్నా, సాగి ఉన్న రబ్బరులోని జంటబంధాలను సూటిగా ఛేదిస్తుంది. టైరు ప్రక్కగోడల మీద కనిపించే సన్నని పగుళ్ళు దాని పనే. దీనిని అడ్డుకోవడానికి తయారీదారులు రబ్బరులో రక్షక రసాయనాలను, మైనాన్ని కలుపుతారు. టైరు తిరుగుతూ, నలుగుతూ ఉన్నప్పుడు అవి మెల్లమెల్లగా పైకి వచ్చి ఉపరితలాన్ని కప్పుతాయి. కదలకుండా గరాజిలో నిలబడిన కారులో ఈ కప్పు సరిగా ఏర్పడదు. అందుచేత తిరగని కారు టైర్లు తిరిగే కారు టైర్లకంటె ముందుగా పగలవచ్చు. తక్కువ మైళ్ళ కారును చూసి మురిసిపోయేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

సస్పెన్షను చేతులు చట్రాన్ని కలిసేచోట ఉండే రబ్బరు బుషింగులకు కూడా ఇదే గతి పడుతుంది. అవి చీలితే చక్రం తనంతట తాను కొద్దిగా అటూ ఇటూ కదులుతుంది. టైరు పంపిన సూక్ష్మమైన మెలిబలం ఈ కదలికలో కలిసిపోతుంది. స్టీరింగు స్పర్శకు పేరుపొందిన కారు కొని, నడిపి చూసి నిరాశపడినవారిలో చాలామందికి లోపం కారు రూపకల్పనలో లేదు. ముప్పయ్యేళ్ళ రబ్బరులో ఉంది. కొత్త బుషింగులు, కొత్త బాల్ జాయింట్లు, కొత్త టైర్లు వేసి చక్రాల అమరిక సరిచేయిస్తే అదే కారు వేరే కారులా ప్రవర్తిస్తుంది. స్పర్శను చంపిన వార్ధక్యమే, మరి కొంతకాలానికి గొట్టాన్ని పగలగొట్టి కారును రోడ్డు ప్రక్కన నిలబెడుతుంది. రెండింటికీ మందు ఒకటే.

మిగిలిన ద్రవ్యాలూ ఇదే దారిలో నడుస్తాయి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 సెంటీగ్రేడ్ డిగ్రీల వద్ద మరగాలి; 3.7 శాతం నీరు చేరాక ఆ కనీసం 140 డిగ్రీలకు దిగిపోతుంది. కొండ దిగువకు దిగేటప్పుడు వేడెక్కిన బ్రేకులలో ఆవిరి పుడితే, నొక్కిన పెడలు మెత్తగా లోపలికి పోతుంది, కారు మాత్రం ఆగదు. రేడియేటరులోని గ్లైకాల్ క్రమంగా ఆమ్లాలుగా మారి, తుప్పును అడ్డే రసాయనాలు కరిగిపోయాక అల్యూమినియాన్ని తినడం మొదలుపెడుతుంది. 1980, 90ల నాటి కంప్యూటరు పెట్టెలలోని కెపాసిటర్లు తమలోని ద్రవాన్ని కార్చి, ప్రక్కనున్న రాగి గీతలను కొరికివేస్తాయి. కారణం తెలియకుండా ఇంజను ఆగిపోయే పాత కార్లలో కొన్నింటి రోగం ఇదే.

కొనే ముందు చూడవలసినవి

మొదట తుప్పు. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాలలో తిరిగిన కారు క్రింది భాగాన్ని పైకెత్తించి చూడకుండా కొనరాదు. మియాటాలో టాపు దగ్గరి నీరు పోయే రంధ్రాలు పూడుకుపోతే తలుపుల క్రింది పెట్టెభాగాలు లోపలి నుండి తుప్పుపడతాయి. పైరంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆరిజోనా వంటి ఎండప్రాంతాల కార్లకు తుప్పు తక్కువ, కాని రబ్బరు, ప్లాస్టిక్ ఎక్కువ దెబ్బతింటాయి. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవలసివస్తే ఎండదెబ్బ తిన్న కారే మేలు. రబ్బరు మార్చవచ్చు, తినివేసిన చట్రాన్ని మార్చడం కష్టం.

తరువాత టైర్ల వయస్సు. ప్రక్కగోడ మీద డాట్ అన్న గుర్తు వెంట వచ్చే చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి: 2319 అంటే 2019లో ఇరవైమూడవ వారం. పైగాట్లు ఎంత లోతుగా ఉన్నా, పదేళ్ళు దాటిన టైరును తీసివేయవలసిందే. టైమింగ్ బెల్టు మార్చిన తేదీకి రశీదు అడగాలి. తొలి మియాటాలో బెల్టు తెగితే ఇంజను ఆగుతుంది, అంతే, ఎన్.ఎస్.ఎక్స్‌లో తెగితే వాల్వులు పిస్టనులకు తగిలి ఇంజనే పాడవుతుంది. తొలి రెండు సంవత్సరాల మియాటాలలో క్రాంక్‌షాఫ్టు ముందుకొస పొట్టిగా ఉండి, బోల్టు వదులైతే దెబ్బతినేది. అటువంటి కారును తెలిసిన మెకానిక్ చేత పరీక్ష చేయించాలి.

నడిపి చూసేటప్పుడు రేడియో ఆపివేసి, ఖాళీ రోడ్డు మీద చక్రాన్ని వేళ్ళతో తేలికగా పట్టుకోవాలి. తిన్నగా పోతున్నప్పుడు మధ్యలో ఖాళీ తిరుగుడు ఉన్నదా, మలుపు నుండి బయటికి వచ్చేటప్పుడు చక్రం తనంతట తాను తిన్నబడుతున్నదా అన్నది గమనిస్తే చాలావరకు సంగతి తెలిసిపోతుంది.

మరవకూడని రెండవ వైపు

టైరు హెచ్చరిక చేతికి చేరినా, దానికి సరైన బదులు ఇవ్వవలసినది మనిషి. అనుభవం లేనివారు ఆ క్షణంలో బెదిరి బ్రేకు తొక్కుతారు, లేదా చక్రాన్ని మరింత త్రిప్పుతారు. ఆ పొరపాటును సరిదిద్దేందుకే ఎలెక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోలు వచ్చింది. కారు అదుపు తప్పుతున్నట్లు గ్రహిస్తే అది ఒక్కొక్క చక్రానికి విడివిడిగా బ్రేకు వేస్తుంది. ఒంటరిగా కారు అదుపు తప్పి జరిగే ప్రాణాంతక ప్రమాదాలను ఇది సుమారు సగానికి తగ్గించిందని అమెరికాలో జరిగిన అధ్యయనాలు తేల్చాయి. 2012 మోడలు నుండి అది అన్ని కొత్త కార్లలో తప్పనిసరి. 1990 నాటి మియాటాలో అది లేదు. డ్రైవరు ముందు ఒక ఎయిర్‌బ్యాగ్ ఉంది, ప్రక్క సీటుకు అదీ లేదు.

కాబట్టి ముచ్చటపడి ముస్తాబు చేసిన పాత కారు తాళాలు పదహారేళ్ళ అబ్బాయికో అమ్మాయికో ఇచ్చి రోజూ బడికి పంపడం తగదు. ఆ పనికి స్టెబిలిటీ కంట్రోలు, తగినన్ని ఎయిర్‌బ్యాగులు ఉన్న కారే సరియైనది. కాని ఆదివారం ఉదయం విశాలమైన ఖాళీ స్థలంలో, ప్రక్కన పెద్దవారు కూర్చుని, వాన తడిసిన నేల మీద నెమ్మదైన వేగంతో ఆ చక్రాన్ని ఒకసారి పట్టుకోనిస్తే, అది తేలికపడే క్షణం ఎలా ఉంటుందో ఆ చేతులకు తెలుస్తుంది. ఆ తరువాత నడిపేది ఏ కారైనా, రోడ్డు మీద పట్టుకు ఒక హద్దు ఉన్నదన్న ఎరుక వారితో ఉంటుంది. పాత కారు కొన్నందుకు ఇంటిల్లిపాదికీ దక్కగల లాభం అది.